రోజూ పావుగంట చదివించాలట

జులై 1, మంగళవారం

బడి మొదలై నెల కూడా కాలేదు, అప్పుడే కొత్త రూలు. రెండో తరగతి పిల్లలు రోజూ సాయంత్రం ఇంట్లో పావుగంట ఇంగ్లీషు కథల పుస్తకం పైకి చదవాలట. తల్లో తండ్రో పక్కన కూర్చుని వినాలట. విన్నట్టు రుజువేది? వీడియో తీసి ఎనిమిదిలోపు క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టాలట. క్లాస్ టీచర్ ప్రణాలి మిస్ ఈ కబురు చివర ఒక గులాబీ పువ్వు బొమ్మ కూడా పెట్టి పంపింది. పువ్వు పెడితే పని తగ్గుతుందా?

ఉన్న పని తక్కువేం లేదు. స్పెల్లింగులు, మరాఠీ కాపీ, ఎక్కాలు, శనివారానికి ఎండుటాకులతో నెమలి. ఆ నెమలి మా అర్పిత చేస్తుందా? దానికి ఏడేళ్ళు. జిగురు సీసా మూత తీయడానికి కూడా నన్నే పిలుస్తుంది. నేను బీకాం చదివిన మూడేళ్ళలో ఇంత హోంవర్కు చేయలేదు.

మా ఆయన గజానన్‌తో చెప్పాను. స్టీలు సామాన్ల దుకాణం మూసి వచ్చి చెప్పులు విడుస్తున్నాడు. "మేము గిట్లనే సదివినమా? తల్లిదండ్రికి హోంవర్క్ ఏంది?" అన్నాడు. బాగానే అన్నాడు. అని టీవీ పెట్టుకున్నాడు.

ఈ డైరీ దుకాణానికి ఏదో కంపెనీ వాళ్ళు ఇచ్చింది. ఈ ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే గానీ, మా అత్తగారితో సహా అందరిదీ మరాఠీ చదువు. బోధన్ నుంచి ఇలా మహారాష్ట్రకు కోడలిగా వచ్చిన నాకొక్కదానికే తెలుగు చదవడం వచ్చు. కాబట్టి దీన్ని టీవీ పక్కన పడేసినా నాకేం భయం లేదు.

జులై 2

వీడియో పెట్టాను. మిస్ నుంచి స్టార్ వచ్చింది.

జులై 4, శుక్రవారం

మళ్ళీ స్టార్. అర్పిత గడగడా చదివేస్తోంది. నేను ముందు ఒకసారి చదివి అర్థం చెప్తాను. ఉచ్చారణ కోసం ఇంకోసారి చదువుతాను. అడిగితే మూడోసారి. ఆ తర్వాత అది ఎక్కడా ఆగదు. పై అంతస్తులో ఉండే నేహ కొడుకు సుమిత్ కూడా ఇదే క్లాసు. వాడు ప్రతి మాట దగ్గరా నీళ్ళు నములుతాడు. నేహ అడిగింది, ట్యూషన్ పెట్టించావా అని. లేదు, ఇంట్లోనే అన్నాను. అబద్ధం కాదు కదా.

జులై 6, ఆదివారం, ఏకాదశి

ఉపవాసమని సాబుదానా, అదే సగ్గుబియ్యం, ఖిచిడీ తినీ తినీ నోరు చప్పబడింది.

మా అత్తగారు యమునాబాయి ఏకాదశికి పోథీ, అంటే పారాయణ పుస్తకం, తీస్తుంది. ఎర్రగుడ్డ విప్పి, చెయ్యి చీరకు తుడుచుకుని, పుస్తకం కళ్ళకద్దుకుని ఒక అధ్యాయం చదువుతుంది. శ్రావణం వస్తే ఇక రోజూ సాయంత్రం గల్లీలో ఆడవాళ్ళంతా మా ముందుగదిలోనే. ఆమె మరాఠీ పోథీ చదువుతుంటే చేతులు జోడించి వింటారు, లేచేటప్పుడు మొక్కుతారు. ఈ గల్లీలో ఆమెకున్న మర్యాద మా దుకాణానికి కూడా లేదు.

ఇవాళ అర్పిత ఆమె పక్కన చేరింది. తన ఇంగ్లీషు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, చెయ్యి గౌనుకు తుడుచుకుని, కళ్ళకద్దుకుని తెరిచింది. ఇద్దరినీ కలిపి వీడియో తీసి పెట్టేశాను. గ్రూపులో చప్పట్ల మీద చప్పట్లు. ఈ ఇంట్లో చదువు రక్తంలోనే ఉందని ప్రణాలి మిస్ రాసింది. ఆ ముక్క మా అత్తగారికి చదివి వినిపిస్తే ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. పొగడ్త అంటే ఆమెకు ఎప్పుడూ అంతే.

జులై 10, గురువారం

కిన్వట్ నుంచి మా ఆయన మేనమామ కుటుంబం దిగింది. చపాతీలు చేసీ చేసీ చేతులు పడిపోయాయి. అందులో బడి నుంచి కొత్త కథల పుస్తకం. ఈ ఒక్కరోజు నువ్వే చదువుకో అంటే కడుపునొప్పి అంది. నొప్పి ఎక్కడ అంటే ఒకసారి ఇటు చూపించింది, ఒకసారి అటు. వట్టి బద్ధకం. తిట్టాను. ఎనిమిది దాటిపోయింది. వీడియో పంపని వాళ్ళ పేర్లు గ్రూపులో వేశారు, అందరికీ కనబడేలా. అర్పిత పేరు మొట్టమొదట ఉంది.

జులై 11, శుక్రవారం

నేను ముందు చదివి చెప్పాను. గడగడా చదివింది. వీడియో పంపాను. నిన్నటిది బద్ధకమేనని తేలింది.

ఇంతలో నేహ కిందికి దిగి వచ్చింది. గ్రూపులో అనకుండా విడిగా చెప్తున్నానని ముందు తన మంచితనం చెప్పుకుని, తర్వాత అసలు సంగతి చెప్పింది. అర్పిత బావి గురించి చదువుతున్నప్పుడు పుస్తకంలో బాతు బొమ్మ ఉందట. రెండు పేజీలు ఒక్కసారే తిప్పేసిందట. అయినా ఎక్కడా తప్పు పోలేదట.

ఆ కళ్ళు కొడుకు పుస్తకం మీద పెడితే వాడు ఈపాటికి కలెక్టర్ అయ్యేవాడు. పేజీలు అంటుకున్నాయి, అంతే అన్నాను. వర్షాకాలం, కాగితం అంటుకోదా?

వీడియో మళ్ళీ చూశాను. మళ్ళీ చూశాను. తీసేశాను.

జులై 12, శనివారం

పేజీలు అంటుకోలేదు.

పొద్దున బొమ్మ మీద అరచెయ్యి పెట్టి, ఒక్క మాట చూపించి, ఇదేమిటి అని అడిగాను. అర్పిత నా చేతి వైపు చూసింది. చెయ్యి తియ్యమంది. తీయను అన్నాను. "డక్" అంది. అది "వెల్". ఇంకోటి చూపించాను. "డక్" అంది మళ్ళీ. అక్షరాలు విడివిడిగా అడిగితే ఏ నుంచి జెడ్ దాకా పాట పాడేసింది. మధ్యలో ఒకటి చూపిస్తే, దాని దాకా వేళ్ళ మీద పాడుకుంటూ వచ్చింది.

నా బిడ్డకు చదవడం రాదు. ఇన్ని స్టార్లు వచ్చాయి, చదవడం మాత్రం రాదు.

"రాకుంటే రాదని చెప్పద్దా?" అని అరిచాను.

అది నిజంగానే ఆశ్చర్యపోయి చూసింది. "సదువుతున్న గద మమ్మీ. నువ్వు చెప్పినవ్, నోటికచ్చింది, సదివిన."

"నోటికి వస్తే చదివినట్టా?"

"నోటికి రాకముందే పుస్తకం ఎట్ల తెరుస్తరు?" అంది. పెద్ద ఆరిందాలా. ఎవరి దగ్గర నేర్చిందో ఈ ఎదురు మాటలు.

జులై 17, గురువారం

రోజూ యుద్ధం. బొమ్మలన్నిటి మీదా తెల్లకాగితాలు అంటించాను. బొమ్మ లేకపోతే పుస్తకమే ముట్టుకోనంటుంది. సి, ఏ, టి, కలిపితే ఏమిటి అంటే, "నువ్వు ఒకసారి చెప్పు మమ్మీ" అంటుంది. చెప్పనంటే ఏడుపు. చెప్తే ఇక దానికి చూడాల్సిన పనే లేదు, సీలింగు ఫ్యాను వైపు చూస్తూ అప్పగించేస్తుంది. వీడియోలు మాత్రం పాత పద్ధతిలోనే పంపుతున్నాను. ఏం చేయను, మళ్ళీ గ్రూపులో పేరు పడాలా?

ఇంగ్లీషు నేను చూసుకుంటాను, మరాఠీ పాఠం మీరు కాస్త పట్టించండి అత్తమ్మా, పోథీ చదివేవారు మీకెంత పని అని అడిగాను. "నాకు కండ్లు ఆనుతలేవు బిడ్డా, అద్దాలు బాగ లేవు" అంది. పోథీకి అడ్డురాని కళ్ళు మనవరాలి పాఠానికి అడ్డొచ్చాయి.

జులై 19, శనివారం

బడిలో ఆగస్టు పదమూడున చదువుల పండగట. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి డబ్బాలోంచి ఒక కార్డు తీసి, తల్లిదండ్రుల ముందు చదవాలి. ఏ కార్డు వస్తుందో ఎవరికీ ముందు తెలియదు. చదవలేని వాళ్ళని రోజూ పొద్దున ఒకటో తరగతి గదిలో కూర్చోబెడతారు. ఇది శిక్ష కాదు, సాయం అని ప్రణాలి మిస్ రాసింది. ఈసారి రెండు పువ్వులు.

ముందు తెలియని కార్డు. అర్పిత అందరి ముందూ నిలబడి నా వైపు చూస్తుంది, నువ్వు ఒకసారి చెప్పు మమ్మీ అని. అది తలుచుకుంటేనే నాకు అన్నం దిగడం లేదు.

జులై 22, మంగళవారం

మా ఆయనతో పోరి అత్తగారికి కొత్త అద్దాలు చేయించాను. పెట్టుకుంది. మరాఠీ పుస్తకం చేతికిచ్చాను. తలనొప్పి అని తీసేసింది. కందిపప్పు ఏరాలంది. ఏరిన పప్పే మళ్ళీ ఏరింది.

గల్లీ వాళ్ళ కోసం గంటసేపు చదువుతుంది, ఇంట్లో పిల్ల మునిగిపోతుంటే పావుగంట కూర్చోలేదు. ఊరికి పుణ్యం కావాలి, ఇంటికి అక్కర్లేదు. ఈ డైరీ ఆమె చదవలేకపోవడం ఆమె అదృష్టం.

జులై 25, శుక్రవారం

శ్రావణం మొదలు. సాయంత్రం ముందుగది నిండిపోయింది. ఎదురింటి సుందరబాయి అందరికంటే ముందు వచ్చి తలుపు పక్కన చోటు పట్టుకుంది. అత్తగారు పోథీ విప్పింది. అర్పిత ఆమె పక్కన. నేను వాళ్ళిద్దరి వెనక నిలబడి, హారతి పళ్ళెం పట్టుకుని ఉన్నాను.

పేజీ తిప్పే పని అర్పితదట ఈ ఏడాది. నాయనమ్మ, దాని మాటలో బాపమ్మ, తల ఊపగానే తిప్పింది. ఒకటి కాదు, నాలుగైదు పేజీలు ఒక్కసారే పోయాయి. నాకు హిందీ వచ్చు, ఆ లిపే కాబట్టి మరాఠీ కూడా చదువుతాను. పోథీలో రాజు వేటకు వెళ్తున్నాడు. మా అత్తగారి నోట్లో రాణి ఇంకా ఉపవాసం చేస్తోంది. ఆమె కళ్ళు పేజీ మీదే, వరుస వెంట వరుస కదులుతున్నాయి. గొంతులో చిన్న తడబాటు కూడా లేదు.

సుందరబాయి కళ్ళు తుడుచుకుంటోంది. నా చేతిలో హారతి ఆరిపోయింది.

అచ్చం ఆ బాతు వీడియో.

జులై 26, శనివారం

మా ఆయనని పక్కకు పిలిచి చెప్పాను. పెద్ద పిడుగు వేస్తున్నాననుకున్నాను.

"నాకు చిన్నప్పటి సంది తెల్సు. మా బాపు ఊర్ల లేకుంటే నా ప్రగతి పుస్తకం మీద సంతకమే కాకపోతుండె" అన్నాడు, చాయ్ తాగుతూ.

"మరి నాకు చెప్పద్దా?"

"నువ్వు అడిగినవా?"

గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. అద్దాలు చేయించడానికి ఈ మనిషే వెంట వెళ్ళాడు. ఆమె కళ్ళు పరీక్ష చేయించుకుంటుంటే పక్కనే కూర్చున్నాడు.

"అమ్మ ముంగట అనకు సువర్ణా," అన్నాడు తర్వాత, గొంతు తగ్గించి. "గీ పోథీ తప్ప ఆమెకు తనది అని ఏమున్నది?"

అది నిజమే. అందుకే నోరు మూసుకున్నాను. కానీ అర్పితకు ఏం చెప్పను? చదవడం అంటే ఏమిటో అది ఎక్కడ నేర్చుకుందో ఇప్పుడు తెలిసింది. దానికి తప్పు అని చెప్పాలంటే బాపమ్మది తప్పు అని చెప్పాలి. చెప్పకపోతే ఇది ఇలాగే ఫ్యాను చూస్తూ పెద్దదైపోతుంది.

జులై 29, మంగళవారం

కొట్టాను. వీపు మీద ఒక్కటి. పెద్దగా తగల్లేదు, కానీ కొట్టాను.

కలిపి చదువు అన్నాను. చదవనంది. పుస్తకం మూసేసి, చేతులు కట్టుకుని అడిగింది: "బాపమ్మ గూడ గిట్లనే సదువుతది. ఆమెకు అందరు మొక్కుతరు. నన్నెందుకు కొడుతున్నవ్?"

పేజీలు ఎక్కువ తిరిగినా అత్తగారు ఆగని సంగతి నేనే కనిపెట్టాననుకుంటున్నాను, పిల్ల నాకంటే ముందే చూసింది. దానికి అది తప్పుగా కనబడలేదు. అంతే తేడా.

తల తిప్పితే గుమ్మంలో అత్తగారు. చేతిలో తులసికి పోసే చెంబు.

జులై 30

వీడియో పంపలేదు.

జులై 31, గురువారం

మధ్యాహ్నం బడి నుంచి రాగానే అత్తగారు అర్పితను పిలిచి పోథీ ముందు కూర్చోబెట్టుకుంది. నేను వంటింట్లో ఉన్నాను. పిండి కలుపుతున్న చెయ్యి కడుక్కోకుండానే గుమ్మం దాకా వచ్చాను. ఆమె నన్ను చూసింది, పొమ్మనలేదు.

"గీ అచ్చరం ఏందో నాకు జెప్పు" అంది, పేజీ మీద వేలు పెట్టి.

"నాకు తెల్వదు బాపమ్మా."

"నాకు గూడ తెల్వదు."

అర్పిత నవ్వింది, ఆటేమో అనుకుంది. ఆమె నవ్వలేదు.

"మా నాయన సదివెటోడు బిడ్డా, భోకర్ల. నేను పక్కన వత్తులు జేసుకుంట కూసుండేదాన్ని. ఇనంగ ఇనంగ నోటికచ్చింది. నన్ను సూడ అచ్చిన్రు గద మీ తాత వాళ్ళు, సదువొస్తదా పిల్లకు అని అడిగిన్రు. మా నాయన పోథీ తెచ్చి ముంగట వెట్టిండు. నేను తెరిచి చెప్పిన. సదువొచ్చిన పిల్ల అనుకున్నరు, చేసుకున్నరు. గప్పటి సంది గట్లనే నడుస్తున్నది. నాకు సదువుడు రాదు. ఒక్క అచ్చరం రాదు."

అర్పిత చాలాసేపు ఆమె మొహం చూసింది. నేను నెలంతా తిట్టి, ఏడిపించి, కొట్టి రప్పించలేని మాట అప్పుడు దాని నోట్లోంచి వచ్చింది.

"నాక్కూడ అంతే బాపమ్మా."

చెప్పి భోరున ఏడ్చింది. బాతూ బావీ ఉన్న పుస్తకం, నెమలి పుస్తకం, ఏవీ రావట. బడిలో పక్కపిల్ల చదివితే వెంటనే అంటుందట. నేను ఎప్పుడు ముందు చదివి చెప్పనంటానో అని సాయంత్రం అవుతుంటేనే కడుపులో నొప్పి వస్తుందట. ఆ నొప్పిని బద్ధకం అన్నాను నేను. సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు. పిండి చేతులతోనే పిల్లను దగ్గరికి తీసుకున్నాను.

"మమ్మీ కొడుతదని చెప్పలే" అంది నా చీరలో.

"ఇగ కొట్టది" అంది మా అత్తగారు. నా తరఫున ఆమే మాట ఇచ్చేసింది.

ఆగస్టు 1, శుక్రవారం

సాయంత్రం ఆమె పోథీ విప్పలేదు. ఎర్రగుడ్డలోనే పీట మీద పెట్టి, అందరూ కూర్చున్నాక చెప్పేసింది, తనకు చదవడం రాదని, ఇదంతా నోటి పాఠమేనని. మా ఆయన దుకాణంలో ఉండి బతికిపోయాడు.

తర్వాత సుందరబాయి లేచి వచ్చి, మొత్తం పోథీ నోటికేనా తల్లీ అని ఆమె కాళ్ళకు మొక్కింది. వెనక మిగతా వాళ్ళందరూ. ఇన్నాళ్ళూ చేతులు జోడించేవాళ్ళు, ఇప్పుడు కాళ్ళ మీదే పడుతున్నారు.

ఏమనాలి ఈ మనుషులని? నలభై ఏళ్ళు ఆమె భయపడింది ఇందుకా? నా బిడ్డకు నోటికి వస్తే ఒకటో తరగతి, ఆమెకు వస్తే పాదపూజ. నవ్వాను, ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను.

ఆగస్టు 4, సోమవారం

బడికి వెళ్ళి ప్రణాలి మిస్‌తో ఉన్నదున్నట్టు చెప్పాను, వీడియోలతో సహా. ఆమె కోపం చేస్తుందనుకున్నాను. తల పట్టుకుంది. ఇంకెంతమంది ఇలా ఉన్నారో నాకెలా తెలుస్తుంది అంది. మీరే కదా వీడియో అడిగారు అన్నాను. పెద్దసారు అడిగారు అంది. పెద్దసారును ఎవరు అడిగారో ఇద్దరికీ తెలియదు. ఇంటికి ఒక సంచీడు అట్టముక్కల అక్షరాలు ఇచ్చి పంపింది.

ఆగస్టు 7, గురువారం

పావుగంటలో మూడు మాటలు. "పాట్" అనే దానికి అర్పిత పెన్సిలు విరగ్గొట్టింది. నేను ఇంకో పెన్సిలు విరగ్గొట్టాను. అత్తగారు పక్కనే కూర్చుంటుంది, ఏమీ చెప్పదు, చెప్పడానికి ఆమెకు తెలియదు కదా. అర్పితకు అదే ధైర్యంలా ఉంది. తప్పు చదివితే ముందు ఆమె వైపు చూస్తుంది, నా వైపు కాదు.

ఆ మూడు మాటల వీడియోనే పంపాను. స్టార్ రాలేదు. కాసేపటికి నేహ నాకు విడిగా మెసేజ్ పెట్టింది: ఆ అట్టముక్కలు సుమిత్‌కి కూడా ఒకసారి ఇస్తావా అని.

ఆగస్టు 11, సోమవారం

నిన్న బాగా చదివిన మాటలు ఇవాళ రావు. ఈ పిల్లతో నేను వేగలేను.

ఆగస్టు 13, బుధవారం

అర్పిత పేరు ఒకటో తరగతి గది జాబితాలో వచ్చేసింది. రేపటి నుంచే. ఆ బ్యాచికి కూడా ఇంట్లో రోజూ పావుగంట ఉందట, అది వేరే. అంటే ఇక అరగంట. ప్రణాలి మిస్ పువ్వు పెట్టలేదు, కనీసం అంత మర్యాద చేసింది.

చదువుల పండగకి హాలు నిండా తల్లులు, కొందరు తండ్రులు. మా ఆయన కూడా దుకాణం వదిలి వచ్చాడు. అత్తగారు కొత్త అద్దాలు పెట్టుకుని నా పక్కన కూర్చుంది. సుమిత్ కార్డు తీశాడు, నీళ్ళు నమిలాడు, మొత్తం చదివేశాడు. నేహ నా వైపు చూడకుండా చప్పట్లు కొట్టింది, అది కూడా మర్యాదే.

అర్పిత వంతు. కార్డు మీద మూడు వాక్యాలు. చేతులు గౌనుకు తుడుచుకోలేదు, కళ్ళకద్దుకోలేదు. మొదటి మాట మీద వేలు పెట్టింది. చదివింది. రెండోది చదివింది. మేక గురించి ఏదో. తర్వాత వేలు ఆగిపోయింది.

హాలు ఊరుకుంటుందా? వెనక ఎవరో "బాస్కెట్" అని గొణిగారు. ఇంకొకరు కాస్త గట్టిగా అన్నారు. ప్రణాలి మిస్ జాలిగా వంగి పెదవులు గుండ్రంగా చుట్టి "బా..." అనబోయింది. నా నోట్లో కూడా ఆ మాట సగం బయటికి వచ్చింది. అర్పిత నా వైపు చూస్తుంది, ఇక అడుగుతుంది అనుకున్నాను.

అది కార్డు చంకలో పెట్టుకుని రెండు చెవులూ గట్టిగా మూసుకుంది.

"మిస్, సాంగూ నకా" అంది. చెప్పొద్దు మిస్. మా అందరి వైపూ తిరిగి మళ్ళీ అదే మాట అంది, ఈసారి కోపంగా. నేను నోరు మూసుకున్నాను. హాలంతా మూసుకుంది.

అర్పిత కార్డు తీసి మళ్ళీ వేలు పెట్టింది. సమయం అయిపోయిందని బెల్లు కొట్టారు, వినిపించుకోలేదు. "బా... స్. బాస్. కె... ట్" అంది. తలెత్తి ఎవరినీ చూడలేదు. ఆ వాక్యం మళ్ళీ మొదటి నుంచి చదివింది.